రెండో ఏట తలుపు తెరవండి

2024 నవంబర్ 5న ఐఐటీల జాయింట్ అడ్మిషన్ బోర్డు ఓ చల్లని కబురు చెప్పింది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఇకమీదట రెండేళ్లు కాదు, వరుసగా మూడేళ్లు రాసుకోవచ్చని. పదమూడు రోజులు తిరిగేసరికి, నవంబర్ 18న, ఆ మాట వెనక్కి తీసుకుంది. పాత లెక్కే, రెండుసార్లే అంది. ఈలోగా కొందరు పిల్లలు అప్పటికే చేరిన కాలేజీల్లో సీట్లు వదులుకుని మళ్లీ ఇంటర్ పుస్తకాలు పట్టారు. అటు సీటు పోయింది, ఇటు పరీక్ష పోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ పదమూడు రోజుల్లో చదువు మానుకున్నవాళ్లకు మాత్రం పరీక్ష రాసే అవకాశం ఇవ్వాలని 2025 జనవరి 10న కోర్టు చెప్పింది.

కోర్టు తన పని చేసింది. బోర్డు మాట మార్చడం తప్పా ఒప్పా అన్న చర్చ నాలుగు రోజులు నడిచి ఆగిపోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్రశ్న ఒకటి మిగిలింది. కాలేజీలో చేరి, ఫీజు కట్టి, సెమిస్టర్లు రాస్తున్న పిల్లలు ఉన్నదంతా వదిలేసి మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? ఎందుకంటే మన దేశంలో ఒక మంచి విద్యాసంస్థ నుంచి మరో మంచి విద్యాసంస్థకు మధ్యలో మారే దారి దాదాపు లేదు. ఎన్ఐటీలో మొదటి ఏడాది తొమ్మిది పాయింట్లతో గట్టెక్కిన కుర్రాడైనా సరే, ఐఐటీ కావాలంటే ఆ తొమ్మిది పాయింట్లు ఎందుకూ పనికిరావు. ఇంటర్ ఫిజిక్స్ దుమ్ము దులపాల్సిందే. పరీక్షలో నెగ్గినా చేరేది మొదటి ఏడాదిలోనే. చదివిన ఏడాది గంగలో కలిసినట్టే. ఇక ఒక ఐఐటీ నుంచి ఇంకో ఐఐటీకి మారాలంటే ఆ మాత్రం కూడా కుదరదు. ఒకసారి ఐఐటీ సీటు ఒప్పుకున్నవాళ్లకు మళ్లీ అడ్వాన్స్‌డ్ రాసే అర్హతే లేదు.

ఇది ఢిల్లీ ముచ్చట కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో ఏటా వేసవిలో నలిగే ముచ్చటే.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లా ఒక చిత్రమైన కూడలిలో ఉంది. జిల్లా కేంద్రంలోనే 1981 నుంచి నడుస్తున్న సత్యసాయి డీమ్డ్ యూనివర్సిటీ ఉంది. ఫీజు లేని చదువు, పరీక్షా ఇంటర్వ్యూలతో వడపోసి ఇచ్చే సీట్లు, దేశం నలుమూలల నుంచీ వచ్చే పిల్లలు. పైకి వెళ్తే అనంతపురంలో జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ, 2018లో మొదలైన సెంట్రల్ యూనివర్సిటీ. కిందికి దిగితే హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల దూరంలో బెంగళూరు, అక్కడ లెక్కకు మిక్కిలి కాలేజీలు. ఇన్ని తలుపులున్న చోట పుట్టినవాళ్లు అదృష్టవంతులే. చిక్కేమిటంటే, ఒక తలుపులోంచి లోపలికి వెళ్లాక పక్క గదిలోకి దారి లేదు. మళ్లీ వీధిలోకి వచ్చి వరసలో నిలబడాలి.

ఆ మొదటి తలుపును ఎంచుకునేది ఎవరు? పదిహేడేళ్ల పిల్ల. ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీర నేసే ఇంట్లోనో, హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ మీద బతికే ఇంట్లోనో పుట్టి, కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే కావచ్చు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, రెండు మూడు రోజుల గడువులో వెబ్ ఆప్షన్లు పెడుతుంది. కాలేజీల పేర్లు వరసగా నింపేది చాలాసార్లు ఆ సెంటర్ నడిపే అన్నే. ఏ బ్రాంచిలో ఏం చెబుతారో, ఏ హాస్టల్‌లో నీళ్లుంటాయో, ఏ కాలేజీలో ల్యాబ్ తాళం తీస్తారో చేరాక గానీ తెలియదు. తెలిసేసరికి సెమిస్టర్ సగం గడుస్తుంది. స్లైడింగ్ రౌండ్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఇక నాలుగేళ్లూ అదే. పెళ్లి సంబంధానికైనా నాలుగు చోట్ల విచారిస్తారు గానీ వెబ్ ఆప్షన్లకు అంత తీరిక ఎవరికీ ఉండదు.

ఒక్క పరీక్ష మనిషిని ఎంత కొలవగలదో ఈ సీమకు వేరే చెప్పనక్కర్లేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలో రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ తరవాత ఆయన రాయాల్సిన విద్వాన్ పరీక్షకే పాఠ్యగ్రంథమైంది. తన పుస్తకం మీద తానే పరీక్ష రాయాల్సిన స్థితి. అలాంటి ప్రతిభ అందరికీ ఉంటుందని కాదు. పరీక్ష చూడగలిగేది మనిషిలో ఒక మూలను మాత్రమే అనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకదు.

మధ్యలో మారడం మనకు కొత్తా అంటే, కాదు. మద్రాసు యూనివర్సిటీ కాలంలో అది మామూలు సంగతి. అప్పట్లో కాలేజీలు రెండు తరగతులు. ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) వరకే చెప్పేవి రెండో తరగతివి, బి.ఏ. దాకా చెప్పేవి మొదటి తరగతివి. ఇంటికి దగ్గర్లో ఎఫ్.ఏ. ముగించుకుని బి.ఏ.కు పెద్ద కాలేజీకి వెళ్లడం ఎవరికీ తప్పుగా తోచేది కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వెల్లూరు వూర్హీస్ కాలేజీ నుంచి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి మారింది అలాగే. హైదరాబాద్ నుంచి 1895లో నిజాం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లిన సరోజినీ నాయుడు లండన్ కింగ్స్ కాలేజీలో మొదలుపెట్టి కేంబ్రిడ్జిలోని గర్టన్‌కు చేరారు. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్న రామానుజన్ 1905లో ఇల్లు విడిచి విశాఖపట్నం దాకా వచ్చి, మరుసటి ఏడు మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరాడు. కాలేజీ మారినా ఆయన ఎఫ్.ఏ. గట్టెక్కలేదన్నది వేరే సంగతి. తలుపు తీసే ఉంది కాబట్టి ఒకసారి ప్రయత్నమైనా చేయగలిగాడు.

మనుషులదేం ఉంది, ఇక్కడ కాలేజీలే బదిలీ మీద వచ్చాయి. ఈనాటి జేఎన్‌టీయూ అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 1946లో విశాఖ పేరుతో మొదలై 1948లో అనంతపురం చేరింది. కాలేజీకి లేని అభ్యంతరం అందులో చదివే పిల్లలకు ఎందుకు వచ్చింది?

కారణం ఉంది. ఇంటర్మీడియట్ డిగ్రీ కాలేజీల నుంచి విడిపోయి జూనియర్ కాలేజీలకు వెళ్లాక, పాతకాలపు ఎఫ్.ఏ. మజిలీ డిగ్రీ దారిలోంచి తొలగిపోయింది. దిగి బండి మారే స్టేషన్ పోయి, ఎక్కితే చివరిదాకా దిగడానికి లేని బండి మిగిలింది. 1986లో ఎంసెట్ వచ్చింది. ర్యాంకు, కౌన్సెలింగ్, రిజర్వేషన్, స్థానికత అన్నీ ఒకే రోజు లెక్కలో ముడిపడ్డాయి. ఆ ముడి విప్పితే అన్యాయం దూరుతుందన్న భయం పాలకులకు ఉంది. అది ఉత్తి భయం కాదు. డబ్బున్నవాడు చిన్న కాలేజీలో చేరి, ఏడాది తిరిగేసరికి పలుకుబడితో పెద్ద కాలేజీలో తేలితే, ర్యాంకు తెచ్చుకున్న పేదపిల్ల నోరెళ్లబెట్టాల్సిందే. అందుకే బదిలీలకు ఎన్ఓసీల మీద ఎన్ఓసీలు పెట్టారు. వదిలే కాలేజీ ఒప్పుకోవాలి, చేర్చుకునే కాలేజీ ఒప్పుకోవాలి, యూనివర్సిటీ సరేననాలి, కొన్ని సందర్భాల్లో ఫైలు సచివాలయం దాకా నడవాలి. రెండు కాలేజీల సిలబస్ వేరైతే సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు రాయాలి. రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలైతే జ్ఞానభూమి పోర్టల్‌లో కాలేజీ పేరు మారేదాకా ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి.

ఇన్ని కట్టడుల ఫలితం ఏమిటి? పలుకుబడి ఉన్నవాడి ఫైలు నడుస్తూనే ఉంది. లేనివాడు కాళ్లరిగేలా తిరిగి ఊరుకుంటున్నాడు. అన్యాయాన్ని ఆపడానికి పెట్టిన గొళ్లెం అన్యాయమైనవాళ్లకే పడింది.

దీనికి మన రాష్ట్రంలోనే విరుగుడు ఉంది, రోజూ కళ్లముందు కనబడుతూనే ఉంది. దాని పేరు ఈసెట్. పాలిటెక్నిక్ డిప్లొమా చేసిన పిల్లలు ఈ పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరతారు. మంజూరైన సీట్ల మీద అదనంగా పది శాతం, దాంతోపాటు మొదటి ఏడాది నిండకుండా మిగిలిన సీట్లూ వాళ్లకు వెళ్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పరీక్షను చాలాసార్లు నిర్వహించింది మన పక్కనే ఉన్న జేఎన్‌టీయూ అనంతపురమే. రోస్టర్ ఉంది, కౌన్సెలింగ్ ఉంది, రీయింబర్స్‌మెంట్ ఉంది. అంటే రెండో ఏట తలుపు తీయడం, తీసి క్రమం తప్పకుండా నడపడం మనకు చేతకాని విద్య కాదు. వేరే పాఠ్యక్రమం చదివి వచ్చిన డిప్లొమా పిల్లకు ఆ తలుపు తీసిన రాష్ట్రం, అదే పాఠ్యక్రమం, అదే యూనివర్సిటీ, అదే మొదటి ఏడాది పాసైన పిల్లకు మూసి ఉంచడంలో ఏ తర్కం ఉంది?

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని పక్కన పెట్టడానికి లేదు. మారే వీలు ఇస్తే మొదటి ఏడాది మరో ఎంసెట్ అవుతుందన్నది. ఐఐటీల అనుభవం అదే చెప్పింది. మొదటి ఏడాది మార్కులతో బ్రాంచి మార్చుకునే పద్ధతి అక్కడ చాలాకాలం ఉండేది. సీఎస్ఈ కోసం కుర్రాళ్లు ఏడాదంతా కళ్లు కాయలు కాసేలా చదివి, అందనివాళ్లు కుంగిపోయేవారు. ఆ ఒత్తిడి చూసే ఐఐటీ మద్రాస్‌తో సహా కొన్ని ఐఐటీలు ఆ సదుపాయాన్ని ఎత్తేశాయి. మన దగ్గరైతే ఇంకొకటి కూడా జరుగుతుంది. రెండో ఏట బదిలీకి ర్యాంకు పెట్టారని తెలిసిన నెలలోపే ప్రతి కూడలిలో ‘ట్రాన్స్‌ఫర్ బ్యాచ్, అడ్మిషన్లు జరుగుచున్నవి’ అని ఫ్లెక్సీలు లేస్తాయి.

కాబట్టి ర్యాంకు పెట్టకూడదు. మొదటి ఏడాది సబ్జెక్టులన్నీ బ్యాక్‌లాగ్ లేకుండా పాసైతే చాలు, అర్హులే. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. నవ్వొస్తుందేమో గానీ, సిఫారసు ఉత్తరాలకు లొంగనిది, కోచింగ్ సెంటర్లకు దొరకనిది లాటరీ ఒక్కటే. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేదపిల్లల సీట్లకు లాటరీ తీస్తున్నాం. 2024 అక్టోబరులో రాష్ట్రమంతటా మద్యం దుకాణాలు కేటాయించింది లాటరీతోనే. బ్రాందీ షాపుకు పనికొచ్చిన నిజాయితీ ఇంజనీరింగ్ సీటుకు పనికిరాదా?

అమెరికాలో ఈ బదిలీ దరఖాస్తు ఏటా వచ్చే పండగలాంటిది. అక్కడికి పిల్లల్ని పంపుతున్న తెలుగు ఇళ్లకు దాని సంగతులు కొంత తెలుసు. ఒక యూనివర్సిటీలో ఏడాదో రెండేళ్లో చదివి, అక్కడి మార్కుల పట్టిక, ఇద్దరు ప్రొఫెసర్ల సిఫారసు, ఎందుకు మారాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం జతచేసి మరో యూనివర్సిటీకి పంపుతారు. ఉన్నచోటును తిట్టి రాస్తే అక్కడ విలువ ఉండదు. వెళ్లేచోట ఏ కోర్సు కావాలో, ఏ ప్రొఫెసర్ దగ్గర ఏం నేర్చుకోవాలో చెప్పగలగాలి. బరాక్ ఒబామా 1981లో లాస్ ఏంజెలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీ నుంచి న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి మారి, 1983లో డిగ్రీ పుచ్చుకున్నది ఈ దారిలోనే.

ఆ దారి అందరికీ విశాలంగా ఉందనుకుంటే పొరపాటు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ 1990లో బదిలీలు ఆపేసి, 2018లో గానీ మళ్లీ తెరవలేదు. ఆ ఏడు 1,429 దరఖాస్తులు వస్తే పిలిచింది పదమూడు మందిని. ఎంచి ఎంచి తీసుకునే యూనివర్సిటీల మధ్య మారడం అక్కడా సూది బెజ్జమే. మనం నేర్చుకోవాల్సింది ప్రిన్స్‌టన్ నుంచి కాదు, కాలిఫోర్నియా నుంచి. 1960 నాటి మాస్టర్ ప్లాన్‌లోనే ఆ రాష్ట్రం ఒక మాట రాసుకుంది. చౌకైన కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివిన పిల్లలకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో చోటు ఉంచాలని. ఏ కోర్సు అక్కడ దేనికి సమానమో ముందే అచ్చువేసి పెడతారు. ధర్మవరం డిగ్రీ కాలేజీలో చేరిన రోజునే, ఇక్కడ ఈ సబ్జెక్టులు పాసైతే ఫలానా యూనివర్సిటీ రెండో ఏట తీసుకుంటుందని పిల్లకు తెలిసి ఉండటం లాంటిది అది.

బదిలీ అన్న మాట తెలుగు పిల్లల్ని నిలువునా ముంచిన కథలూ అమెరికాలోనే ఉన్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అది వీసాలమ్ముకునే దుకాణమని తేలింది. అందులో ఉన్న పదిహేను వందల పైచిలుకు విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రావాళ్లే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఎనిమిదేళ్ల తరవాత, 2019 జనవరి చివర్లో, మిషిగాన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ బండారం బయటపడింది. అది ఏకంగా అమెరికా ప్రభుత్వమే వల పన్ని పెట్టిన దొంగ యూనివర్సిటీ. చేరిన సుమారు ఆరు వందల మందిలో అత్యధికులు భారతీయులు, అందులోనూ తెలుగువాళ్లు. మొదటి విడతలో పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మనవాళ్లు. వాళ్లలో చాలామంది వేరే యూనివర్సిటీల నుంచి ‘ట్రాన్స్‌ఫర్’ పేరుతో, మొదటి రోజు నుంచే పనికి అనుమతి దొరుకుతుందన్న ఏజెంట్ మాట నమ్మి వెళ్లినవాళ్లే. క్లాసులు లేవని, పాఠాలు చెప్పేవాళ్లు లేరని తెలిసీ చేరినవాళ్లు ఉన్నారని అక్కడి ప్రభుత్వం వాదించింది. వల పన్నిన ప్రభుత్వాన్ని వెనకేసుకు రానక్కర్లేదు, ఏజెంట్‌కు డబ్బు కట్టేముందు క్లాసులెక్కడని అడగని మనవాళ్లనూ వెనకేసుకు రానక్కర్లేదు.

అసలైన యూనివర్సిటీలో ఉన్నా భద్రత లేదని 2025 మే 22న తేలింది. హార్వర్డ్‌కు విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతిని అమెరికా ప్రభుత్వం ఆ రోజు రద్దు చేసింది. అప్పటికే చదువుతున్నవాళ్లు వేరే యూనివర్సిటీకి బదిలీ కావాలి, లేదా వీసా హోదా వదులుకోవాలి అంది. మర్నాడే కోర్టు ఆపింది. ఆ ఒక్క రోజు మాత్రం, ప్రపంచంలో అందరికంటే ఎత్తైన గడప ఎక్కిన పిల్లలు కూడా బదిలీకి ఎవరు తీసుకుంటారా అని దిక్కులు చూశారు.

దిక్కులు చూడటం వైద్య విద్యార్థులకు బాగా అలవాటైంది. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో వేల మంది మన పిల్లలు ఎంబీబీఎస్ సగంలో వదిలి వచ్చారు. తెలుగు జిల్లాల వాళ్లూ అందులో ఉన్నారు. ఇక్కడి కాలేజీల్లో సర్దుబాటు చేయడానికి చట్టంలో చోటు లేదని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. వేరే దేశాల యూనివర్సిటీల్లో చదువు కొనసాగించుకోవడానికి మాత్రం వైద్య కమిషన్ ఒప్పుకుంది. పరాయి దేశంలో బదిలీకి సరే, సొంత దేశంలో కాదు! అదే ఏడాది తెలంగాణలో మూడు ప్రైవేటు వైద్య కళాశాలల అడ్మిషన్లు రద్దయితే, ఆ పిల్లల్ని మాత్రం అదనపు సీట్లు సృష్టించి వేరే కాలేజీలకు సర్దారు. అంటే తలచుకుంటే సర్దడం కుదురుతుంది. పాత నిబంధనల్లో మొదటి ఎంబీబీఎస్ పాసైనవాళ్లు తగిన కారణం చూపితే, సీట్లలో ఐదు శాతానికి మించకుండా కాలేజీ మారే వీలుండేది. 2023 నిబంధనలతో జాతీయ వైద్య కమిషన్ ఆ కిటికీని కూడా మూసేసింది.

ఈ మూసివేతల మధ్య ఒక తీపి మాట కూడా నడుస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం మధ్యలో ఆగి మళ్లీ చేరే స్వేచ్ఛ ఇస్తామంది. 2021 జూలైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలైంది. పాసైన ప్రతి సబ్జెక్టు క్రెడిట్‌గా విద్యార్థి ఖాతాలో పడుతుంది, ఏడేళ్లు చెల్లుతుంది, డిగ్రీ ఇచ్చే చోట సగమైనా చదివితే చాలు. కాగితం మీద ఇది బదిలీ స్వేచ్ఛే. పెనుకొండ డిగ్రీ కాలేజీ పిల్లకూ ఆ ఖాతా ఉంది, అపార్ నంబరూ ఉంది. పాస్‌బుక్కు చేతికిచ్చారు గానీ డబ్బు తీసుకునే కౌంటరే తెరవలేదు. ఖాతాలో క్రెడిట్లున్న విద్యార్థిని తీసుకుని తీరాలని ఏ యూనివర్సిటీ మీదా నిర్బంధం లేదు. సీటు ఖాళీ ఉందో లేదో చెప్పే చోటే లేదు.

అందుకే మన దగ్గర బదిలీ అనేది డిగ్రీ మధ్యలో కాక డిగ్రీ అయ్యాక జరుగుతోంది. మన సీమ మూలాలున్న సత్య నాదెళ్లనే చూడండి. తండ్రి యుగంధర్‌ది పాత అనంతపురం జిల్లా బుక్కాపురం. కొడుకు మణిపాల్‌లో ఇంజనీరింగ్, విస్కాన్సిన్ మిల్వాకీలో ఎంఎస్, ఆ తరవాత షికాగోలో ఎంబీఏ చేశాడు. మొదటి కాలేజీ తుది కాలేజీ కానక్కర్లేదని ఆ దారి చెబుతుంది. పుట్టపర్తిలో బీఎస్సీ చేసి జామ్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఇది మంచి దారే. కానీ మూడు నాలుగేళ్లు ఆగగలిగిన ఇంటికే అది మంచి దారి. బీటెక్ అవ్వగానే ఉద్యోగంలో చేరి అప్పు తీర్చాల్సిన పిల్లకు పీజీలో మారే మజిలీ ఎక్కడిది?

చిన్న కాలేజీలు ఖాళీ అవుతాయన్న వాదన మిగిలింది. మంచి పిల్లలంతా రెండో ఏట అనంతపురం, తిరుపతి వెళ్లిపోతే హిందూపురం కాలేజీలో మిగిలేదెవరు అని. ఐదు శాతం హద్దు పెడితే ఏ కాలేజీ ఖాళీ కాదు. పిల్లలు వెళ్లిపోతారన్న భయం ల్యాబ్ తాళం తీయిస్తే అది కాలేజీకి మంచిదే. వెళ్లేవాళ్లే కాదు, వచ్చేవాళ్లూ ఉంటారు. బెంగళూరు హాస్టల్ ఖర్చు భరించలేక, తండ్రికి జబ్బు చేసి, ఊరి దగ్గరికి రావాలనుకునే పిల్లలు సరిహద్దు మండలాల్లో తక్కువేం కాదు. వాళ్లకు రాష్ట్రం మారడం మరీ కష్టం. స్థానికతకు ఏళ్లు లెక్కపెట్టే నిబంధనలు ప్రవేశం కోసం రాసినవి, తిరుగు ప్రయాణం గురించి వాటిలో ఆలోచనే లేదు.

చేయాల్సింది కొండంత పనేమీ కాదు. మొదటి ఏడాది ఫలితాలు రాగానే, రెండో ఏడాదిలో ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఏ కేటగిరీలో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఉన్నత విద్యా మండలి ఒకేచోట ప్రకటించాలి. ఈసెట్ పిల్లల వాటా ముట్టకుండా, ఖాళీ అయిన కేటగిరీలోనే అదే కేటగిరీ పిల్లతో నింపాలి. రీయింబర్స్‌మెంట్ కాలేజీకి కాదు, పిల్ల వెంట వెళ్లాలి. వదిలేసే కాలేజీ ఎన్ఓసీ పేరుతో మిగతా మూడేళ్ల ఫీజు అడగకూడదు. వదిలే కాలేజీ ఒప్పుకోవాలన్న షరతే తీసేసి, తెలియజేస్తే చాలు అనాలి. బిట్స్ లాంటి ప్రైవేటు సంస్థ తన క్యాంపస్‌ల మధ్య మొదటి ఏడాది తరవాత మారే వీలు ఇస్తోంది. ఒకే జేఎన్‌టీయూ కింద, ఒకే సిలబస్ చదివే కాలేజీల మధ్య ఇంకెంత సులువుగా కుదరాలి? ముందు జేఎన్‌టీయూ అనంతపురం, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ తమ పరిధిలో ఒక్క ఏడాది నడిపి చూపితే మిగతా రాష్ట్రం దానంతట అదే దారికొస్తుంది. సత్యసాయి యూనివర్సిటీ వంటి స్వతంత్ర సంస్థలకు తమ పిల్లల్ని తామే ఎంచుకునే హక్కు ఉంది, ఉండాలి. వాటిని బలవంతపెట్టనక్కర్లేదు. రెండో ఏట ఖాళీలు ఉంటే పిలుస్తామో లేదో చెబితే చాలు.

ఆ రోజు వచ్చేదాకా, ఈ జూన్‌లో మారాలనుకుంటున్న పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ ఒక మాట. కొత్త చోట సీటు కాగితం మీదకు రాకుండా ఉన్న సీటు వదలొద్దు. 2024 నవంబర్‌లో వదిలినవాళ్లకు సుప్రీంకోర్టు దిక్కయింది, అందరికీ అవదు. ట్రాన్స్‌ఫర్ ఇప్పిస్తానని ముందే డబ్బడిగే కన్సల్టెన్సీ గడప తొక్కొద్దు. పాసైన సబ్జెక్టులన్నీ క్రెడిట్ల ఖాతాలో పడ్డాయో లేదో ఇవాళే చూసుకోండి. కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఇవ్వనంటే, సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పిందని రాతపూర్వకంగా అడగండి, అడిగిన కాగితం మీద తారీఖు వేయించుకోండి.